డబల్ ముడి

ఈ మధ్య సుచిత్ర చౌరస్తా దగ్గర బట్టల దుకాణంలో మా అబ్బాయికి చొక్కా కొంటున్నాం. అక్కడ పనిచేసే కుర్రాడు వాడికి పై గుండీ పెట్టి, కాలర్‌లోకి రెండు వేళ్లు దూర్చి, కరెక్టు సైజు మేడం అన్నాడు. అతను చేసిన తప్పేమీ లేదు. లోకంలో బట్టలమ్మేవాళ్లంతా అలాగే చూస్తారు. నేను మాత్రం అతని చేతిని పట్టుకుని పక్కకు తోసేశాను. మా అబ్బాయి సిగ్గుతో చచ్చిపోయాడు. ఏమైందమ్మా అని మేడ్చల్ వచ్చేదాకా బస్సులో అడుగుతూనే ఉన్నాడు. ఏం చెప్పను? కాలర్‌లోకి రెండు వేళ్లు పెట్టి మనిషి ఉంటాడో పోతాడో కనిపెట్టే ముసలాయన ఒకడు మన వీధిలో ఉండేవాడని, ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ వేళ్లు తలుచుకుంటే నాకింకా ఒళ్లు జలదరిస్తుందని చెబితే వాడు నవ్వుతాడు.

పిల్లలు ఆయన్ని టై తాత అనేవాళ్లు. పెద్దవాళ్లమైన మాకూ తాతే. చర్చి వెనక సందులో, పెంకుటింట్లో ఒక్కడే ఉండేవాడు. సికింద్రాబాద్‌లో ఏదో క్లబ్బులో పనిచేసి వచ్చాడని చెప్పుకునేవాళ్లు గానీ, ఆయన నోటితో ఆయన ఎన్నడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మాకు కావలసింది ఒక్కటే. ఆయనకు టై కట్టడం వచ్చు, మా వీధిలో ఇంకెవరికీ రాదు.

అప్పట్లో మావాళ్లకు టై అంటే క్రిస్మస్‌కూ పెళ్లిళ్లకూ మాత్రమే. మిగతా రోజుల్లో ఒకరు తాపీ పనికి పోతే, ఒకరు కంపెనీలో ప్యాకింగుకు పోయేవారు, ఇంకొకరు షామీర్‌పేట వైపు ద్రాక్షతోటల్లో మందు కొట్టేవారు. పెళ్లికి కుట్టించుకున్న సూటు, దాంతోపాటు కొన్న టై బీరువాలో బట్టల అడుగున పడి ఉండేవి. క్రిస్మస్ పొద్దున ఆరాధనకు ముందు మగవాళ్లంతా తెల్లచొక్కాలు వేసుకుని, టైలు చేతుల్లో పట్టుకుని తాత వసారాలో నిలబడేవారు. ఒకసారి కట్టిన ముడిని విప్పకుండా వచ్చే పండక్కి దాచుకుంటామంటే ఆయన ఊరుకునేవాడు కాదు. భోజనాలయ్యాక విప్పేయాల్సిందే. మళ్లీ పండగొస్తే మళ్లీ ఆయన ముందు మెడ చాపాల్సిందే.

ఆ తంతు నాకు కళ్లకు కట్టినట్టుంది. ముందు గోడమీది అద్దాన్ని వెనక్కి తిప్పేవాడు, కడుతున్నంతసేపు ఎవరూ తమ మొహం చూసుకోకూడదు. తెచ్చిన టైని వేళ్ల మధ్య నలిపి, ఇది టైయా, ఎద్దును కట్టే తలుగా అని ఒక మాట అనేవాడు. నోట్లో ఎప్పుడూ లవంగం ఉండేది. దగ్గరికి వచ్చి, మడిచిన వేలితో గదుమ కిందనుంచి పైకెత్తి, కాలర్‌లోకి రెండు వేళ్లు దూర్చి, "మింగు" అనేవాడు. ఎదుటి మనిషి గుటక మింగేవాడు. ఆ గుటక ఆయన వేళ్ల మీదుగా కిందికి దిగేదాకా వసారాలో ఎవరూ మాట్లాడేవారు కాదు. అప్పుడు ఏ ముడి వేయాలో ఆయన నిర్ణయించుకునేవాడు.

ఆయన దగ్గర ఉన్నవి రెండే ముళ్లు. సింగిల్ అంటే సన్నగా, ఒకపక్కకు కొంచెం వాలినట్టుండేది. నూటికి తొంభై మందికి అదే. డబల్ అంటే టై తోకను రెండు పక్కలా తిప్పి లాగేది, సమోసా అంత ఉండేది. అది కొందరికే పడేది. ఎందుకు వాళ్లకే అని మొదట్లో ఎవరూ ఆలోచించలేదు. మా చర్చిలో పాటలు నడిపించే ఒకాయనకు ఒక క్రిస్మస్‌కు డబల్ కడితే, దొర లెక్కున్నవని అందరూ మెచ్చుకున్నారు. ఈస్టర్ రాకముందే ఆయన్ని సమాధి చేశాం. మరుసటేడు రైల్వే గేటు దగ్గర సైకిల్ షాపాయనకు డబల్ పడింది. ఆయనా పోయాడు. ఆ తర్వాత ఇంకొకాయన. అప్పటికి మా వీధికి విషయం అర్థమైంది, లేదా అర్థమైందని వీధి అనుకుంది.

ఇక అక్కణ్నుంచి క్రిస్మస్ అంటే మాకు సగం పండగ, సగం గండం. ఆడవాళ్లం ముందే చర్చి గుమ్మం దగ్గర చేరి, వసారా నుంచి ఒక్కొక్కరే వస్తున్న మగవాళ్ల మెడలు చూసేవాళ్లం. సింగిల్ అయితే ఊపిరి వదిలేవాళ్లం. డబల్ కనిపిస్తే ఆ మనిషి భార్య దగ్గరనుంచి పక్కనున్నవాళ్లు మెల్లగా జరిగేవారు. పాస్టరుగారు ఒక ఆదివారం ఇదంతా మూఢనమ్మకమని గట్టిగా ప్రసంగం చేశారు. బాగానే చెప్పారు గానీ, ఆ రోజు నుంచి ఆయన కూడా తాత దగ్గర టై కట్టించుకోవడం మానేశారు.

చనిపోయినవాళ్లకు టై కట్టేదీ తాతే. మా దగ్గర మగవాణ్ని పెళ్లి సూటులోనే పెట్టెలో పడుకోబెడతారు. కబురు పంపితే వచ్చేవాడు, ఎవరితోనూ మాట్లాడకుండా పని చేసుకుపోయేవాడు. విచిత్రమేమిటంటే పోయినవాళ్లకు ఎప్పుడూ సింగిలే కట్టేవాడు. పాటలాయనకు కడుతున్నప్పుడు ఎవరో ఉండబట్టలేక అడిగితే, ఇగ దాసేదేమున్నది అన్నాడట. ఆ మాట వీధంతా తిరిగింది. పిల్లలు అన్నం తినకపోతే తాతను పిలుస్తానని బెదిరించే తల్లులు కూడా ఆ మాట విన్నాక బెదిరించడం మానేశారు.

నిజం చెప్పాలంటే ఆయనంటే నాకు ఒళ్లుమంట. ఆ వేళ్లు పెట్టినప్పుడు వసారాలో కమ్ముకునే నిశ్శబ్దం ఆయనకు ఇష్టమని నా అనుమానం. ఎవరైనా కులాసాగా ఉన్నాను తాతా అంటే, "మొఖం నవ్వుతది బిడ్డా, మెడ నవ్వది" అనేవాడు. పండగపూట మనిషితో అనే మాటేనా అది?

మా ఆయనకు ఆ ఏడు వానాకాలంలో దగ్గు పట్టుకుంది. గుండ్లపోచంపల్లిలో ప్లాస్టిక్ కంపెనీలో పని. పొగకు వచ్చే దగ్గని అన్నాడు, నేనూ నమ్మాను. దసరా వెళ్లేసరికి సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. పళ్లెంలో అన్నం సగం మిగిలేది. బెల్టుకు మేకుతో ఇంకో బెజ్జం పొడుచుకున్నాడు. దవాఖానకు పోదామంటే కయ్యిమనేవాడు. కంపెనీకి తెలిస్తే పని పోతుందనేవాడు. అది పైకి చెప్పే మాట. ఆయన తండ్రి దగ్గి దగ్గి పోయాడు. మా అత్తమ్మ ఆ రోగం పేరు ఇంట్లో ఎవరినీ పలకనిచ్చేది కాదు. తల్లీ కొడుకులిద్దరూ దాని పేరెత్తకపోతే అది రాదన్నట్టుండేవారు. నేను మాత్రం ఆయన దగ్గినప్పుడల్లా పిల్లవాణ్ని దూరంగా జరిపేదాన్ని. పిల్లవాడికి అప్పుడు మూడేళ్లు కూడా లేవు.

క్రిస్మస్ దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం అత్తమ్మ గడపలో కూర్చుని మా ఆయన తెల్లచొక్కాకు పై గుండీ ఊడదీసి, కొంచెం లోపలికి జరిపి కుడుతోంది. ఎందుకత్తమ్మా అంటే, వదులైంది, ఏలాడుతున్నది, ఏం బాగుంటది అంది. తర్వాత తెలిసింది, మా వీధిలో చాలా ఇళ్లలో డిసెంబరు వస్తే జరిగేది ఇదేనని. కాలర్ బిగుతుగా ఉంటే తాత వేళ్లు పట్టవు. వేళ్లు పట్టకపోతే సింగిల్. సింగిల్ పడితే ఆ ఏడు గడిచినట్టే. చావును గుండీతో ఆపుదామనుకున్నారు మావాళ్లు. నవ్వొచ్చే సంగతే గానీ నేను నవ్వలేదు, ఆ రాత్రి సింగిల్ పడాలని నేనూ మోకరించి ప్రార్థన చేసుకున్నాను.

పండగ పొద్దున వసారాలో మా ఆయన వంతు వచ్చింది. నేను ప్రహరీ బయట నిలబడి చూస్తున్నాను. తాత గదుమ ఎత్తాడు. వేళ్లు బలవంతాన దూర్చాడు. మింగమన్నాడు. అందరి దగ్గరకన్నా ఎక్కువసేపు అలాగే ఉండిపోయాడు. మా ఆయన కళ్లలోకి ఒకసారి చూశాడు. తర్వాత సింగిల్ కట్టాడు. మా ఆయన మెట్లు దిగి వస్తుంటే పరీక్ష పాసైన పిల్లాడిలా ఉన్నాడు. అత్తమ్మ చర్చి గుమ్మంలోనే కొడుకు తల నిమిరింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఆ సాయంకాలం తాత మా ఇంటికి వచ్చాడు. ఆయన పిలవకుండా ఎవరింటికీ పోడు, పిలిచారంటే ఆ ఇంట్లో శవం ఉండాలి. అందుకని గేటు దగ్గర ఆయన్ని చూడగానే ముందు పిల్లవాడు ఎక్కడున్నాడో వెతుక్కున్నాను. మా ఆయన స్నేహితులతో బయటికి పోయాడు. అత్తమ్మ చర్చి దగ్గర భోజనాల గిన్నెలు సర్దడానికి వెళ్లింది. తాత లోపలికి రాలేదు, చాయ్ వద్దన్నాడు. పొద్దున మీ ఆయన తొడిగిన అంగీ పట్టుకురా అన్నాడు. తెచ్చిచ్చాను. కాలర్ తిప్పి వెలుగుకు పెట్టి చూశాడు. పాత కుట్టు ఉన్నచోట బెజ్జాలు అలాగే ఉన్నాయి.

"గుండీ జరిపిన్రు" అన్నాడు.

అత్తమ్మ జరిపింది తాతా అన్నాను.

"నాకు ఎరికే. కాలర్ బిర్రుగున్నది, లోపల తోలు వదులుగున్నది. అంత మంది ముంగట ఏం జెయ్యాలె? సింగిల్ కట్టిన. కట్టినకాన్నుంచి నాకు అన్నం దిగుతలేదు" అని మెట్టుమీద కూలబడ్డాడు.

నాకు భయం పోయి కోపం వచ్చింది. నువ్వు డబల్ కడితే మనుషులు చస్తున్నారు, కట్టకపోతే ఇంటికొచ్చి చంపుతున్నావు, నీకేం వస్తుంది తాతా ఇందులో అని అడిగేశాను. ఆయన లవంగాన్ని ఉమ్మేసి నన్ను చూశాడు.

"డబల్ కడితే సావు వస్తదా బిడ్డా? మెడ సన్నబడితే కాలర్ల సందు కనబడుతది. పెద్ద ముడి పెడితే ఆ సందు మూసుకుంటది. పండుగ పూట నలుగుట్ల మనిషి సన్నగ కనబడొద్దని కడుత. నేను దాసనీకి కట్టింది, మీరు డప్పు కొట్టి సాటిన్రు."

అలాంటప్పుడు వాళ్లకే చెప్పొచ్చు కదా అన్నాను. పాటలాయనకు చెప్పాడట, చాటుకు పిలిచి. ఆయన పండగపూట ఇదేం మాటని అంగీ పట్టుకుని కొట్టబోయాడట. అప్పటినుంచి నోరు మూసుకున్నానన్నాడు. వెళ్తూ వెళ్తూ, జల్దీ పట్నం దవాఖానకు తీసుకుపొమ్మని, మీ మామ సుత ముందుగాల మెడకాడనే తగ్గిండని చెప్పాడు. అంతకాలం ఆ మనిషిని అపార్థం చేసుకున్నందుకు బాధపడే తీరిక కూడా నాకు లేకపోయింది, అంత భయమేసింది.

కానీ మా ఆయనను కదిలించడం ఎవరి తరం? "తాత సింగిల్ కట్టిండు గద, ఇగ నాకేంది" అనేవాడు. రాత్రంతా దగ్గి, పొద్దున్నే మళ్లీ అదే మాట. అత్తమ్మదీ అదే మాట. గుండీ జరిపిన చేత్తోనే ఆమె ఆ సింగిల్ ముడిని సాక్ష్యంగా చూపించేది. తాము చేసిన మోసాన్ని తామే నమ్మారు. నేను చెప్పీ చెప్పీ అలిసిపోయి, తాత దగ్గరికే పోయి, నీ నోటితో నువ్వే చెప్పమని బతిమాలాను.

"నోటితోటి చెప్తే ఇనడు. ఆయనకు ముడి చెప్తేనే ఇనబడుతది" అన్నాడు. తర్వాత, షామీర్‌పేటల పెండ్లి ఎప్పుడు అని అడిగాడు. ఆయన ఏం చేయబోతున్నాడో నాకు అర్థమైంది. వద్దనలేదు.

సంక్రాంతి దాటాక షామీర్‌పేటలో మా ఆయన చిన్నాన్న కొడుకు పెళ్లి. మా ఆయన తోడు పెళ్లికొడుకు. వీధంతా డీసీఎం వ్యానులో ఎక్కి పోయాం. దారిపొడుగునా పిల్లలు పాటలు పాడారు, నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. అక్కడి చర్చి పక్క గదిలో మగవాళ్లు తయారవుతున్నారు. బయట బ్యాండువాళ్లు వాయిస్తున్నారు. తాత ముందు పెళ్లికొడుక్కి సింగిల్ కట్టాడు. తర్వాత మా ఆయన వచ్చి నిలబడ్డాడు, అదే చొక్కా, అదే గుండీ. అత్తమ్మ పక్కనే నవ్వుతూ ఉంది.

తాత మింగమనలేదు. కాలర్ గుండీ విప్పేశాడు. చొక్కా మెడ దగ్గర విచ్చుకుంది, లోపల రెండు ఎముకలూ వాటి మధ్య గుంటా అందరికీ కనిపించాయి. టై వేసి కట్టడం మొదలుపెట్టాడు. తోక రెండో పక్కకు తిరగగానే మా ఆయన మొహంలో నెత్తురు లేకుండా పోయింది. అత్తమ్మ తాత చెయ్యి పట్టుకుని లాగింది. ఆయన విడిపించుకుని, ముడి పైదాకా జరిపి, కాలర్ సర్ది పక్కకు తప్పుకున్నాడు. గదిలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే బయటికి పోయారు.

పెళ్లయినంతసేపూ మా ఆయన ఆ ముడితోనే తమ్ముడి పక్కన నిలబడ్డాడు. పెళ్లి ఫోటోలన్నిటిలో అది ఉంది. భోజనాల దగ్గర ఆయన కూర్చున్న బల్లకు ఎవరూ రాలేదు, నేనూ పిల్లవాడూ తప్ప. తిరుగు ప్రయాణంలో చెరువు కట్ట దగ్గర బండి ఆగినప్పుడు అత్తమ్మ దుమ్ము తీసి తాత మీద పోసింది. నీ చేతులు పడిపోను, నా కొడుకుకు బతికుండంగనే పెట్టె కట్టినవు అని ఏడ్చింది. ఎవరూ ఆమెను ఆపలేదు. డీసీఎం కదిలాక చూస్తే తాత రోడ్డు మీదే ఉన్నాడు. కోటు మీది మట్టి దులుపుకోవడం కూడా లేదు.

సోమవారం పొద్దున మా ఆయన చొక్కా తొడుక్కుని, నడువు అన్నాడు. అంతే. దవాఖానలో ఛాతీ ఫోటో తీసి, టీబీ రెండు ఊపిరితిత్తులకూ పట్టేసిందన్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదని డాక్టరమ్మ నన్నే తిట్టింది. నెలల తరబడి మాత్రలు మింగాడు. కంపెనీ పని పోయింది. మనిషి మాత్రం మిగిలాడు. ఇవాళ్టికీ కూరలో ఉప్పు తక్కువైందని నన్ను సతాయిస్తూనే ఉన్నాడు.

వీధి తాతకు దండం పెట్టి ఉంటుందని అనుకుంటున్నారేమో. వీధి లెక్క వేరు. డబల్ పడ్డాక ఎవరో ఒకరు పోవాలి, వీడు పోలేదు కాబట్టి ఇంకొకరు పోతారు అన్నారు. ఆ ఎండాకాలం రావల్కోల్‌లో చెల్లెలింటికి వెళ్లిన మా అత్తమ్మ అక్కడే కూర్చున్నది కూర్చున్నట్టు ఒరిగిపోయింది. బీపీ అని డాక్టరు చెప్పాడు. కొడుకు ముడిని తల్లి తీసుకుంది అని వీధి చెప్పింది. నేను ఆ మాటన్నవాళ్లతో పోట్లాడాను. మా ఆయన పోట్లాడలేదు. లోలోపల ఆయనా అదే నమ్ముతున్నాడని నాకు తెలుసు. సమాధి దగ్గర తాత చాలా దూరంగా, గోడ అవతల నిలబడ్డాడు.

అయినా ఆ నెలల్లో మా ఆయనకు తోడు తాతే. దగ్గు మనిషని మా గడప ఎవరూ తొక్కేవారు కాదు, చావు మనిషని తాత గడప ఎవరూ తొక్కేవారు కాదు. ఇద్దరూ మధ్యాహ్నాలు ఆ వసారాలోనే కూర్చునేవారు. ఊసుపోక తాత తువ్వాలుతో మా ఆయనకు రెండు ముళ్లూ నేర్పాడు.

మళ్లీ క్రిస్మస్ వచ్చింది. అదే తాతకు ఆఖరిది. సుచిత్రలో ముందే ముడివేసి ఎలాస్టిక్ కుట్టిన టైలు అమ్ముతున్నారని తెలిసి, వీధిలో మగవాళ్లంతా అవే తెచ్చుకున్నారు. అందరి మెడల్లో ఒకే సైజు ముడి. చూడబోతే మా సంఘంలో ఎవరికీ ఏ రోగమూ లేదు. తాత వసారాకు వెళ్లింది మేమిద్దరమే. గుండీని నేను మళ్లీ పాతచోటికే జరిపి కుట్టాను, అయినా మా ఆయన కాలర్‌లోకి ఆయన వేళ్లు దూరలేదు. ఎంత ప్రయత్నించినా దూరలేదు. తాత నవ్వడం నేను మొదటిసారి చూశాను, పళ్లు పెద్దగా లేవు. సింగిల్ కట్టి భుజం తట్టాడు.

ఆయన మెడలో టై ముడి లేకుండా వేలాడుతోంది. రెండుసార్లు మొదలుపెట్టి, సగంలోనే వదిలేశాడు. నేను కడుత తాతా అని మా ఆయన ముందుకు వెళ్లాడు. తాత గదుమ ఎత్తాడు. మా ఆయన తాత కాలర్‌లోకి రెండు వేళ్లు పెట్టబోయాడు. నాలుగు వేళ్లూ పోయాయి. చెయ్యి అక్కడే ఆగిపోయింది. నావైపు చూశాడు, నేను నేల చూశాను. గబగబా, చేతులు కాలుతున్నట్టు, సింగిల్ కట్టేసి వెనక్కి జరిగాడు.

తాత ముడిని వేళ్లతో తడిమాడు. దాని పక్కనున్న సందునూ తడిమాడు.

"నువ్వు సుత గుండీ జరిపినవా బిడ్డా" అన్నాడు.

మా ఆయన తల దించుకున్నాడు. చర్చిలో గంట మొదలైంది. తాత ఆ ముడిని తానే లాగి విప్పి, టైని మెడలోంచి తీసి, మళ్లీ మా ఆయన చేతిలో పెట్టి, గదుమ ఎత్తి నిలబడ్డాడు. మా ఆయన కళ్లు తుడుచుకుని రెండోసారి కట్టడం మొదలుపెట్టాడు. ఈసారి తోకను అవతలి పక్కకు కూడా తిప్పాడు.